డిసెంబరు సెలవుల్లో గఢ్వాల్ ట్రెక్: పదమూడేళ్ల బాబుతో కేదార్‌కంఠ వెళ్లొచ్చా?

పిల్లాడి అమ్మ

అందరికీ నమస్కారం. క్రిస్మస్ సెలవుల్లో నేను, మావారు, మా బాబు ఉత్తరాఖండ్‌లో ఏదైనా మంచు ట్రెక్ చేద్దామనుకుంటున్నాం. బాబుకి పదమూడేళ్లు. ముగ్గురికీ ఇదే మొదటిసారి. అలిపిరి మెట్లు మాత్రం పెద్దగా ఆయాసపడకుండానే ఎక్కేస్తాం. ఎవరినడిగినా కేదార్‌కంఠ అంటున్నారు, వీడియోల్లో కూడా అదే కనిపిస్తోంది. డెహ్రాడూన్‌లో దిగే రోజు, తిరిగి బయల్దేరే రోజు కలుపుకుని మా చేతిలో ఉన్నవి ఏడు రోజులు.

కేదార్‌కంఠ మాకు సరిపోతుందా? పైన ఆక్సిజన్ తక్కువంటున్నారు, బాబు విషయంలో టెన్షన్‌గా ఉంది. బూట్లు, కోట్లు ముందే కొనాలా, అక్కడ అద్దెకి దొరుకుతాయా?

కొండదారి

అమ్మా, ముందు మీ ఏడు రోజుల లెక్క చూద్దాం. కేదార్‌కంఠకి సాంక్రీ నుంచి ఎక్కాలి. డెహ్రాడూన్ నుంచి సాంక్రీ సుమారు 200 కిలోమీటర్లు. మ్యాపులో చూస్తే ఏముందిలే అనిపిస్తుంది గానీ మస్సూరీ, నైన్‌బాగ్, పురోలా, మోరీ మీదుగా అంతా కొండదారే, పొద్దున బయల్దేరితే చీకటిపడే వేళకి చేరతారు. మొదటి రోజు డెహ్రాడూన్, రెండో రోజు సాంక్రీ, ఆపైన నాలుగు రోజులు నడక, ఏడో రోజు మళ్లీ అదే రోడ్డు మీద వెనక్కి. మధ్యలో మంచు పడి ఒక్క పూట ఆగిపోయినా తిరుగు ప్రయాణం టికెట్ పోయినట్టే. చేతిలో మిగులు రోజు లేకపోతే శిఖరం ముందు వాతావరణం బాగోలేనప్పుడు 'ఇంత దూరం వచ్చి వెనక్కి పోతామా' అనిపిస్తుంది. ప్రమాదాలకి దారి అక్కడే పడుతుంది.

ఇక ఎత్తు. సాంక్రీ దాదాపు 1,900 మీటర్లు. మొదటి రాత్రి పడుకునే జూడా కా తాలాబ్ 2,700 పైన, రెండో రాత్రి బేస్ క్యాంపు 3,400 దగ్గర, శిఖరం 3,800 (12,500 అడుగులు). మూడువేలు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదన్నది కొండల్లో అందరూ పాటించే లెక్క. ఇక్కడ రెండు రాత్రుల మధ్య తేడా దాదాపు 700. చాలామందికి ఏమీ కాదు, నిజమే. ఆ చాలామందిలో మీ బాబు ఉంటాడో లేదో ఇక్కడ కూర్చుని చెప్పలేం.

అలిపిరి మెట్లు ఎక్కగలగడం మోకాళ్లకీ గుండెకీ మంచి పరీక్షే. కానీ తిరుమల ఊరు ఉన్నది వెయ్యి మీటర్ల లోపు. అక్కడి ఆయాసం వేరు, ఇక్కడి ఆయాసం వేరు.

మీ స్థానంలో నేనుంటే దయారా బుగ్యాల్‌కి వెళ్తాను. బుగ్యాల్ అంటే చెట్లు ఆగిపోయాక పైన పరుచుకుని ఉండే గడ్డి మైదానం. చలికాలంలో దాని మీద మంచు పడితే ఎటు చూసినా తెలుపే. ఉత్తరకాశీ దాటాక రైథల్ అనే ఊరి నుంచి ఎక్కాలి. రాత్రి మకాం మూడువేల మీటర్లకి కాస్త అటూ ఇటూ, అడవిలో గుయి అనే చోట. పగలు పైకెళ్లి మంచులో తిరిగి, సాయంత్రానికి మళ్లీ కిందికొచ్చి పడుకోవచ్చు. ఒంటికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. డెహ్రాడూన్ నుంచి రైథల్‌కి ఒక్క రోజులో చేరిపోతారు, నడక తక్కువ కాబట్టి చివర్లో ఒక రోజు మిగులుతుంది కూడా.

ఊలు టోపీ

కొండదారి గారూ, కేదార్‌కంఠని మరీ అంత భయపెట్టక్కర్లేదేమో. దారి తప్పే అవకాశం తక్కువ, గైడ్లు ఎక్కువ, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే చుట్టూ మనుషులుంటారు. కొత్తవాళ్లకి అది చిన్న సంగతి కాదు. పైగా శిఖరం మీద నిలబడితే స్వర్గారోహిణి, బందర్‌పూంచ్, కాలానాగ్ అనే మంచు శిఖరాలు మూడూ ఎదురుగా ఉంటాయి. దయారా నుంచి కూడా బందర్‌పూంచ్ బాగానే కనిపిస్తుంది గానీ 'శిఖరం ఎక్కాం' అన్న ఆనందం రాదు. పదమూడేళ్ల పిల్లాడికి అది కావాలి కదా.

కొండదారి

ఆ ఆనందం మాట ఒప్పుకుంటాను. నా అభ్యంతరం కేదార్‌కంఠ మీద కాదు, క్రిస్మస్‌కీ న్యూ ఇయర్‌కీ మధ్య కేదార్‌కంఠ మీద. ఏడాదిలో అక్కడ జనం బాగా ఎక్కువగా ఉండే వారం అదే. శిఖరానికి వేకువజామున మూడింటికో నాలుగింటికో చీకట్లో తలకి లైటు కట్టుకుని బయల్దేరతారు. సూర్యోదయం కోసం మాత్రమే కాదు, తెల్లారేసరికి మంచు గట్టిగా ఉంటుంది, ఎండెక్కితే మెత్తబడి మోకాలిదాకా దిగబడుతుంది. అందుకని అందరూ ఒకే వేళకి ఎక్కుతారు. ముందు నడిచినవాళ్ల అడుగుల్లో మంచు నలిగి నలిగి అద్దంలా గడ్డకడుతుంది. చివరి ఎక్కుడు నిటారుగా ఉంటుంది, ఎదుటివాళ్లు ఆగితే మీరూ ఆగాలి. అలా కదలకుండా నిలబడ్డ పది నిమిషాల్లో పిల్లల చేతివేళ్లు కొంకర్లు పోతాయి. అదే మార్చి నెలలో అడిగుంటే, మిగులు రోజు ఉంటే, కేదార్‌కంఠే వెళ్లమనేవాణ్ని.

ఇంకో మాట. డిసెంబరులో మంచు ఖాయమని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆలస్యంగా పడిన ఏళ్లున్నాయి. వెళ్లే ముందు వారంలో ఊళ్లోవాళ్లనే ఫోన్ చేసి అడగండి.

మందుల డబ్బా

నేను వైద్యురాలిని, ఎత్తు గురించి మాత్రం చెబుతాను. 3,800 మీటర్ల దగ్గర మీకు అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులకన్నా కొంచెం తక్కువ. గాలిలో ఆక్సిజన్ శాతం అక్కడా అంతే, 21. గాలి ఒత్తిడే తక్కువ. దానికి అలవాటుపడటానికి ఒంటికి టైము కావాలి. రోజూ జిమ్‌కి వెళ్లేవాళ్లకి కూడా మినహాయింపు లేదు, పైగా వాళ్లే గబగబా ఎక్కేసి ముందు పడిపోతుంటారు. ఈ ఎత్తు జబ్బు పిల్లలకి పెద్దవాళ్లకన్నా ఎక్కువా రాదు, తక్కువా రాదు. చిక్కేమిటంటే పిల్లలు సరిగ్గా చెప్పరు. అన్నం వద్దనడం, ఊరికే చిరాకు పడటం, ఆటపాటల మీద ధ్యాస లేకపోవడం కనిపిస్తే అలసటలే అని వదిలెయ్యకండి.

తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, తల తిరగడం ఉంటే ఆ రోజు ఇంక పైకి వెళ్లకూడదు. విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోతే కిందికి దిగాలి. తిన్నగా నడవలేక తూలుతున్నా, మాట తికమకగా ఉన్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా అర్ధరాత్రయినా సరే దింపెయ్యాలి. తెల్లారాక చూద్దాం అనుకోకూడదు. వేలికి పెట్టే ఆక్సిమీటరు అంకె చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, లక్షణాలే ముఖ్యం.

డయామాక్స్ (అసెటజోలమైడ్) గురించి అందరూ అడుగుతారు. పెద్దవాళ్లకి మామూలుగా 125 మిల్లీగ్రాములు రెండు పూటలా, ఎక్కడానికి ముందు రోజు నుంచి. పిల్లలకి బరువును బట్టి ఇస్తారు కాబట్టి మీ పిల్లల డాక్టరునే అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే ఆ సంగతి చెప్పాలి. వేళ్లు జివ్వుమంటాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, కంగారు పడకండి. మందు వేసుకున్నాం కదా అని రెండు రోజుల దారి ఒక్క రోజులో ఎక్కేస్తే ఆ మందు కాపాడదు. నిద్రమాత్రలు, మద్యం ముట్టుకోవద్దు.

పిల్లాడి అమ్మ

చాలా థాంక్స్ అండీ. ఒక సందేహం. మా వదినా వాళ్లు హర్ కీ దూన్ అని చెప్పారు, పాండవులు స్వర్గానికి వెళ్లిన దారి అదేనట. డిసెంబరులో కుదురుతుందా? ఆడవాళ్లకి టాయిలెట్ సంగతి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

రెండో జత సాక్సులు

అక్కా, హర్ కీ దూన్ నాకు ప్రాణం. స్వర్గారోహిణి కింద ఉన్న లోయ, సుమారు 3,500 మీటర్లు. శిఖరం కాదు కాబట్టి ఎక్కుడు నెమ్మదిగా ఉంటుంది, ఏటి పక్కనే నడుస్తారు. గంగాడ్, ఓస్లా ఊళ్లలో చెక్కడాలున్న దేవదారు ఇళ్లు చూస్తూ వెళ్లడమే సగం ట్రెక్. కానీ దూరం ఎక్కువ, సాంక్రీ మీదుగానే వెళ్లాలి. మీ ఏడు రోజుల్లో కుదరదు. ఏప్రిల్, మే నెలల్లోనో అక్టోబరులోనో తొమ్మిది పది రోజులు పెట్టుకుని వెళ్లండి.

చోప్తా నుంచి తుంగనాథ్ కూడా ఎవరో ఒకరు చెబుతారు. గుడి దాకా రాళ్లు పరిచిన దారి, నాలుగు కిలోమీటర్ల లోపే. అయితే చలికాలం గుడి మూసేస్తారు, స్వామి ఉత్సవమూర్తిని మక్కూమఠ్‌కి తీసుకెళ్తారు. మంచు గట్టిగా పడితే చోప్తా రోడ్డు కూడా మూసుకుపోతుంది. పూలలోయ అయితే జూన్ 1 నుంచి అక్టోబరు 31 వరకే తెరుస్తారు, కాబట్టి దాని మాటే లేదు.

టాయిలెట్ అంటే గొయ్యి తవ్వి చుట్టూ నిలువు టెంట్ కడతారు, పక్కన మట్టి, చిన్న పార ఉంటాయి. అంతే. టిష్యూలు, ప్యాడ్లు గోతిలో వెయ్యకుండా జిప్ కవర్లో పెట్టుకుని వెనక్కి తెచ్చెయ్యండి. నెలసరి ఆ రోజుల్లోనే వచ్చినా ట్రెక్ మానక్కర్లేదు, మాత్రలేసి వాయిదా వెయ్యక్కర్లేదు. రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లు తగ్గించకండి. చలిలో దాహం తెలియదు, తాగడం తగ్గితే తలనొప్పి వస్తుంది, అప్పుడది ఎత్తు వల్లో, నీళ్లు తాగక వచ్చిందో తేల్చుకోలేరు.

ఊలు టోపీ

సామాన్ల సంగతి నేను చెబుతా. బూట్లు మాత్రం సొంతవి కొనుక్కోండి, కనీసం మూడు వారాల ముందు. రోజూ వేసుకుని తిరగండి. చీలమండ కప్పేలా ఉండాలి, మందం సాక్సులు వేసినా ముందు వేళ్లకి చోటుండాలి. కాలిగోళ్లు కత్తిరించుకుని వెళ్లండి. ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడు పాదం ముందుకి జారి బొటనవేలు గోరు బూటుకి గుద్దుకుంటూనే ఉంటుంది, సాయంత్రానికి నల్లబడుతుంది. అందుకే దిగే ముందు కూర్చుని, మడమని బూటు వెనక్కి నొక్కి, చీలమండ దగ్గర లేసు బిగించి మళ్లీ కట్టుకోవాలి.

మంచులో జారకుండా బూటు కింద తొడిగే మైక్రోస్పైక్స్, మంచు లోపలికి పోకుండా కట్టే గైటర్లు, చేతికర్ర, పెద్ద కోటు సాంక్రీలో అయితే అద్దెకి దొరుకుతాయి. దయారాకి అయితే ట్రెక్ నడిపేవాళ్లని ముందే అడిగి మాట్లాడుకోండి. బాబు సైజు చెప్పి మరీ అడగండి, పిల్లల కొలతలు అన్నిచోట్లా ఉండవు.

జీన్స్, కాటన్ బనియన్లు వద్దు. చెమట పీల్చుకుని ఆరవు, ఆగగానే వణుకు పుడుతుంది. నీళ్ల సీసాని సంచిలో తలకిందులుగా పెట్టుకోండి. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర దారి మూసుకుపోదు. పడుకునేటప్పుడు ఫోను, బ్యాటరీ, మర్నాడు వేసుకునే సాక్సులు స్లీపింగ్ బ్యాగులో మీతోనే ఉంచుకోండి.

పిల్లాడి అమ్మ

దయారాకే మొగ్గుతున్నాం. అయితే కొంతమంది మైదానం మీదే టెంట్లు వేస్తామని ఆశపెడుతున్నారు. నమ్మొచ్చా?

కొండదారి

అలా చెప్పేవాళ్లని అక్కడికక్కడే వదిలెయ్యండి. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్‌ల మీద రాత్రి మకాం వెయ్యకూడదని తీర్పిచ్చింది. కొన్ని నెలలు మంచు కింద ఉండి, కొన్ని నెలలే పెరిగే గడ్డి అది. టెంట్ల కింద ఒకసారి చచ్చిపోతే మళ్లీ ఎప్పటికి మొలుస్తుందో. అందుకే మకాం కింద అడవిలో. తీర్పునే లెక్కచెయ్యనివాళ్లు మీ బాబు తలనొప్పిని లెక్కచేస్తారా?

మాట్లాడుకునేటప్పుడు ఇవి అడగండి: గైడు ఊరివాడేనా, ఒక్కో గైడుకి ఎంతమంది, ఆక్సిజన్ సిలిండరు వెంట ఉంటుందా, ఒకరిని కిందికి దింపాల్సి వస్తే వాళ్లతో ఎవరు వెళ్తారు, మిగతావాళ్లతో ఎవరుంటారు. ఆఖరి ప్రశ్నకి తడబడితే ఇంకొకరిని చూసుకోండి. 2024 జూన్‌లో ఇదే ఉత్తరకాశీ వైపు సహస్రతాల్ దారిలో వాతావరణం చెడిపోయి కర్ణాటక నుంచి వచ్చిన జట్టులో తొమ్మిదిమంది చనిపోయారు. జూన్‌లో, ఎండాకాలంలో. గైడు వెనక్కి పోదాం అంటే ఎందుకని బేరాలాడకుండా వెనక్కి తిరగండి, బాబుకి కూడా ఇప్పుడే ఆ మాట చెప్పి ఉంచండి.

పిల్లాడి అమ్మ

సరే అండీ, దయారా ఖాయం. మావారికి డబ్బులు ఎక్కడ తీసుకోవాలన్న దిగులు, బాబుకి ఘాట్ రోడ్డులో వాంతుల భయం. ఈ రెండూ చెప్పెయ్యండి.

రెండో జత సాక్సులు

డబ్బు ఉత్తరకాశీలోనే తీసేసుకోండి, పైన ఊళ్లలో ఫోన్ సిగ్నల్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, చెల్లింపులకి దాన్ని నమ్ముకోవద్దు. ముగ్గురి ఆధార్ నకళ్లు రెండేసి పెట్టుకోండి, అటవీశాఖ అనుమతికి కావాలి. వాంతులకైతే డాక్టరు రాసిన మాత్ర బండెక్కడానికి అరగంట ముందు, ముందు సీటు, చేతిలో ఫోన్ లేకుండా. పొద్దున ఖాళీ కడుపుతోనూ వద్దు, పూరీలు లాగించీ వద్దు. రెండు అరటిపళ్లు చాలు.