బెల్టు షాపుల మీద కొట్లాడి సర్పంచ్‌నయ్యాను. ఇప్పుడు వీడీసీ వేలంపాట విషయంలో ఏం చేయాలి?

కొత్త సర్పంచ్, నిజామాబాద్ జిల్లా

అందరికీ నమస్కారం. మొన్న డిసెంబర్ ఎన్నికల్లో మా ఊరి సర్పంచ్‌గా గెలిచాను. అంతకుముందు నాకు ఏ పదవీ లేదు. మహిళా సంఘంలో ఉంటూ, బెల్టు షాపులు మూయించాలని ఊళ్లో ఆడవాళ్లను కూడగట్టి తిరిగినదాన్ని. ఎక్సైజ్ ఆఫీసు ముందు బైఠాయించాం, తహసీల్దార్‌కు వినతిపత్రాలు ఇచ్చాం. ఆ పేరు మీదే నాకు ఓట్లు పడ్డాయి.

మా ఊళ్లో బెల్టు షాపు ఎవరు నడపాలో గ్రామాభివృద్ధి కమిటీ (వీడీసీ) వాళ్లు ఏటా వేలంపాట పెట్టి తేలుస్తారు. ఎక్కువకు పాడినవాళ్లకు ఏడాదంతా అమ్ముకునే హక్కు. ఆ డబ్బు గుడి పనులకు, పండగలకు పోతుంది. ఈసారి వేలం దగ్గరపడింది. వీడీసీ పెద్దలు ఇంటికొచ్చి "సర్పంచ్ అయింది, ఇక అందరినీ కలుపుకుపోవాలి, లొల్లి వద్దని చెప్పు" అన్నారు. ఆ మాట కూడా నాతో కాదు, మా ఆయనతో. ఇటు నాతో తిరిగిన అక్కలేమో "గెలిచినవు కదా, ఎప్పుడు మూయిస్తున్నవ్" అని రోజూ అడుగుతున్నారు. నిద్ర పట్టనంత టెన్షన్‌గా ఉంది. అసలు పంచాయతీకి మూయించే అధికారం ఉందా? తీర్మానం చేస్తే సరిపోతుందా? మా ఇంటిని వెలివేస్తే ఎలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పంచాయతీ కార్యదర్శి

మేడం, కాగితాల వైపు నుంచి నాకు తెలిసింది చెబుతాను. మద్యం మీద అధికారం ఎక్సైజ్ శాఖది. బెల్టు షాపుకు లైసెన్సే ఉండదు కాబట్టి అక్కడ అమ్మడం 1968 ఎక్సైజ్ చట్టం కింద నేరం. మూయించడానికి మీ తీర్మానం అక్కర్లేదు, కానీ ఉంటే ఫిర్యాదుకు బలం వస్తుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారైనా గ్రామసభ జరపాలి. ఆ నోటీసులోనే ఈ అంశం రాయించండి. సభ మధ్యలో లేవనెత్తితే ఎజెండాలో లేదని పక్కన పెట్టేస్తారు. వీడీసీకి ఆ చట్టంలో ఏ అధికారమూ లేదు. వేలం డబ్బు ఒక్క రూపాయి కూడా పంచాయతీ ఖాతాలో పడనివ్వకండి, "విరాళం" అని ఇచ్చినా సరే.

మాజీ సర్పంచ్, కామారెడ్డి జిల్లా

చెల్లే, నేను 2019లో గెలిచి 2024లో ప్రత్యేకాధికారులు వచ్చేదాకా సర్పంచ్‌గా ఉన్నాను. అంతకుముందు బీడీ కార్మికుల సంఘంలో పనిచేశాను. ఆకు తక్కువ తూచి, చుట్టి తెచ్చిన బీడీలు బాగాలేవని కట్టలకు కట్టలు పక్కకు తీసి, పీఎఫ్ అడిగితే రేపు మాపు అని తిప్పేవాళ్లతో కొట్లాడినదాన్ని. మా ఊళ్లోనూ వేలంపాట ఉండేది. అందుకే నీ టెన్షన్ ఏంటో నాకు తెలుసు.

మొదట చెప్పాల్సింది సంఘం గురించి. సంఘం బాధ్యత వెంటనే ఇంకొకరికి అప్పగించు. నువ్వే సర్పంచ్‌వి, నువ్వే సంఘం అయితే ఆడవాళ్లంతా ఇంట్లో కూర్చుని నువ్వు మూయిస్తావని ఎదురుచూస్తారు. నేను గెలిచాక మా సంఘం వాళ్లు పంచాయతీ ఆఫీసుకు వచ్చి నాకే వినతిపత్రం ఇచ్చారు. దాన్ని ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఎక్కించి, నంబర్ వేసి, రసీదు ఇప్పించాను. "మీలో మీకు ఈ తంతు ఎందుకు" అని అడిగినవాళ్లున్నారు. తర్వాత ఎక్సైజ్ వాళ్లు "ఇది మీ సొంత కక్ష" అనబోయినప్పుడు ఆ కాగితమే మాట్లాడింది. సర్పంచ్‌ను కూడా అడిగే సంఘం ఊళ్లో ఉండాలి. అది లేకపోతే నువ్వు రెండేళ్లలో మిగతా సర్పంచులలాగే అయిపోతావు. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

రెండోది, అమ్మేవాడు కూడా నీ ఊరి మనిషే. అతని ఇంటికీ భగీరథ నీళ్లు రావాలి, అతని బిడ్డకూ జనన ధ్రువపత్రం ఇవ్వాలి. మా దగ్గర కొందరు కోపంలో "వాని నల్లా కోసెయ్యి" అన్నారు. నేను ఒప్పుకోలేదు. సంఘంలో ఉన్నప్పుడు ఎదుటివాడితో కొట్లాడితే సరిపోతుంది. పదవిలోకి వచ్చాక కొట్లాడేవాడికి కూడా పని చేసిపెట్టాలి. నల్లా కోసిన రోజు వీడీసీ వెలికీ మన పనికీ తేడా ఉండదు.

తీర్మానం సంగతి. "మద్యం నిషేధించడమైనది" అని రాస్తే చెల్లదు, ఆ అధికారం మనకు లేదు. మేము ఇలా రాయించాం: "గ్రామంలో లైసెన్సు లేకుండా మద్యం అమ్ముతున్నట్లు, అమ్మే హక్కుకు వేలం వేస్తున్నట్లు గ్రామసభ దృష్టికి వచ్చినందున, చట్ట ప్రకారం చర్య తీసుకోవలసిందిగా ఎక్సైజ్, పోలీసు అధికారులను కోరడమైనది." ఎవరి పేరూ రాయలేదు. రాయడం అయ్యాక కార్యదర్శి చేత పైకి చదివించు. చివరి వాక్యం కింద మిగిలిన ఖాళీ జాగాలో అడ్డంగా గీత కొట్టించి, ఆ తర్వాతే సంతకాలు, వేలిముద్రలు పెట్టించు. అక్కడే ఫోన్‌తో ఆ పేజీ ఫొటో తీసుకో. ఖాళీ వదిలిన రిజిస్టర్‌లో తెల్లారేసరికి కొత్త వాక్యాలు పుట్టడం నేను చూశాను. నకళ్లు ఎక్సైజ్ స్టేషన్‌లో, పోలీస్ స్టేషన్‌లో, ఎంపీడీవోకు, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చి ప్రతిచోటా ముద్ర వేయించుకో.

సభ టైమ్ కూడా చూసుకో. పొద్దున పదకొండింటికి పెడితే మగవాళ్లే ఉంటారు. మేము ముందు మహిళా సభ వేరుగా జరిపి, గ్రామసభ సాయంత్రం పెట్టాం. బీడీలు అప్పజెప్పి వచ్చినవాళ్లు వచ్చినట్టే కూర్చున్నారు.

ఇక గుడి డబ్బు. అన్నిటికంటే కష్టం ఇదే. మగవాళ్లను వదిలెయ్, "దేవుడి పైసలు ఆపుతావా" అని ఆడవాళ్లే అడుగుతారు. వాదన పెట్టుకోకు. ముందు పంచాయతీ లెక్క గోడ మీద రాయించు. సమాచార హక్కు చట్టం, 2005లో సెక్షన్ 4 అడగకముందే చెప్పమంటుంది. మోటారు వైండింగ్‌కు ఎంత, బ్లీచింగ్ పౌడర్‌కు ఎంత, ట్రాక్టర్ డీజిల్‌కు ఎంత అన్నీ రాయించు. కేంద్ర ఆర్థిక సంఘం నిధుల్లో కొంత భాగం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలని కూడా రాయించు. లేకపోతే సీసీ రోడ్డు వేయలేదని నిన్నే అంటారు. మా గోడ మీద లెక్క చూశాక ఊరివాళ్లే "మరి వేలం లెక్క ఎక్కడ" అని వీడీసీని అడిగారు. ఆ లెక్క వాళ్లు చెప్పలేకపోయారు. గుడికి ఇంటింటికీ చందా వేసుకుందామని ఒక ముసలాయన అదే సభలో అన్నాడు, ఆ మాటకు ఎదురు రాలేదు.

ఫలితం ఉన్నదున్నట్టు చెబుతాను. బహిరంగ వేలం ఆగింది. అమ్మకం పూర్తిగా ఆగలేదు, వాడ చివర ఒక ఇంట్లోంచి నడిచింది. తనిఖీకి వచ్చేలోపే వాళ్లకు కబురు అందేది. అదే తీర్మానం నంబర్ వేసి మళ్లీ మళ్లీ ఫిర్యాదు చేస్తూ పోతే చివరికి కేసయింది. పొద్దున్నే బడికి పోయే దారిలో తాగి పడిపోయేవాళ్లు తగ్గారు. నాకు అది చిన్న విషయం కాదు.

వెలివేస్తే ఓర్చుకుని కూర్చోకు. ఎవరు చాటించారు, ఏమన్నారు, ఏ రోజు అనేది రాసిపెట్టుకుని పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వు. నీతో సంతకం పెట్టిన ఇళ్లకు కూలికి పిలవకుండా చేస్తారు, దెబ్బ వాళ్లకే ముందు తగులుతుంది. వాళ్ల దగ్గరికి రోజూ వెళ్లు.

మీ ఆయనకు ఒక్క మాట నేర్పు: "సర్పంచ్‌ను అడగండి." ఎవరొచ్చినా అదే అనమను. ఇంకోటి, పల్లె ప్రగతి రోజుల్లో చాలామంది సర్పంచులు అప్పు తెచ్చి పనులు చేయించి బిల్లుల కోసం ఏళ్ల తరబడి తిరిగారు. మా టర్మ్‌లో గౌరవ వేతనం ముందు 5,000, తర్వాత 6,500 రూపాయలు. దానితో వడ్డీ కూడా తీరదు. అంచనా, ఎంబీ (చేసిన పని కొలతల పుస్తకం) రికార్డు లేనిదే చేతి డబ్బు పెట్టకు. అప్పుల్లో ఉన్న సర్పంచ్‌ను వీడీసీ సులువుగా లొంగదీసుకుంటుంది.

రిటైర్డ్ టీచర్

అమ్మా, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు వాళ్ల చేతిలో ఏ పదవీ లేదు. అక్షర దీపం అనే చదువు నేర్పే తరగతుల్లో కలుసుకున్నవాళ్లు. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో అది పోయింది కూడా. సర్పంచ్‌ను కూడా అడిగే సంఘం ఊళ్లో ఉండాలని పై సోదరి అన్నది ఇందుకే అనుకుంటున్నాను. రాజస్థాన్‌లో నౌర్తీ బాయి అని ఒక దళిత మహిళ ఉన్నారు. కరువు పనుల్లో కనీస కూలి కోసం పోరాడారు. 1983లో సుప్రీంకోర్టు కూలీల పక్షాన తీర్పిచ్చింది. పెద్ద వయసులో కంప్యూటర్ నేర్చుకుని 2010లో హర్మాడా సర్పంచ్ అయ్యారు. మీరు కూడా పంచాయతీల లెక్కలుండే ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో మీ పంచాయతీ ఖర్చులు మీరే తెరిచి చూడటం ఈ వారంలోనే నేర్చుకోండి, ఇంకొకరి మీద ఆధారపడకండి.

కొత్త సర్పంచ్, నిజామాబాద్ జిల్లా

అక్కా, సార్, అందరికీ ధన్యవాదాలు. సంఘం బాధ్యత తీసుకోవడానికి ఒక చెల్లె ముందుకొచ్చింది. కార్యదర్శితో మాట్లాడాను, వేలం తేదీకి ముందే గ్రామసభ పెడుతున్నాం. ఎజెండాలో చివరి అంశంగా రాద్దామని ఆయన అన్నారు, సరేనన్నాను.

మాజీ సర్పంచ్, కామారెడ్డి జిల్లా

చివర వద్దు చెల్లే. అప్పటికి చీకటి పడుతుంది, ఆడవాళ్లు వంటకని లేచిపోతారు. నీళ్ల విషయం మొదట పెట్టించు, దానికి అందరూ వస్తారు. ఇది రెండోది. నోటీసు ఇంకా అంటించకపోతే రేపే మార్పించు.