ప్రాగ్‌లో మొదటి రోజు ఒంటరిగా: ఊరికే తిరగాలా, టికెట్లు కొని చూడాలా?

స్వప్న_హైద్: శనివారం పొద్దున ప్రాగ్‌లో దిగుతున్నా. ఫ్రెండ్స్ ఆదివారం గానీ రారు. ఆ మొదటి రోజు ఏ టికెట్టూ కొనకుండా తీరిగ్గా తిరుగుదామని ఉంది. ఇంట్లోవాళ్ళేమో "అంత ఖర్చుపెట్టి వెళ్ళి రోడ్లమ్మట తిరుగుతావా" అంటున్నారు. మీరేమంటారు?

మ్యూనిక్_మూర్తి: తిరగండి. రాత్రంతా విమానంలో మెడ వాల్చి కూర్చున్నాక కోటలూ రాజులూ ఏం బుర్రకెక్కుతాయి? 22వ నంబర్ ట్రామ్ ఎక్కి కిటికీ పక్కన కూర్చోండి. కాగితం టికెట్టయితే పసుపు మెషీన్‌లో ముద్ర పడాలి, లేకపోతే ఫైన్ కట్టాల్సి వస్తుంది. కోట దగ్గర దిగి ప్రాంగణాలు ఉచితంగా చూసి, నెమ్మదిగా చార్లెస్ వంతెన వైపు దిగిపోండి. ఓల్డ్ టౌన్ గడియారం కింద మాత్రం గంట కొట్టేదాకా నిలబడకండి. నిమిషం కూడా ఉండదు అక్కడి బొమ్మలాట.

పద్మ_వైజాగ్: కోట బుర్రకెక్కదంటూనే కోట దగ్గర దింపారే! అక్కడిదాకా వెళ్ళి కోటలోని సెయింట్ వైటస్ కెథడ్రల్ లోపల చూడకుండా వచ్చేస్తారా? 1344లో మొదలుపెడితే 1929కి పూర్తయింది. కోట టికెట్ రెండు రోజులు చెల్లుతుంది గానీ, ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి, మధ్యాహ్నం దాకా సందర్శకుల్ని రానివ్వరు. అంచేత శనివారమే చూసేయాలి. ఇక గడియారం 1410 నాటిది! అస్థిపంజరం బొమ్మ గంట మోగిస్తుంటే పైన కిటికీల్లో ఏసు శిష్యులు, అదే అపొస్తలుల బొమ్మలు ఒక్కొక్కటే తొంగిచూసి వెళ్తాయి. అది చూడకుండా ప్రాగ్ వెళ్ళొచ్చామని ఎలా చెప్పుకుంటాం?

మ్యూనిక్_మూర్తి: చెప్పుకోవడానికా చూసేది?

కాఫీ_కప్పు: అక్కడ యూరో కాదు, కొరునా. డబ్బు మార్చే ముందు చేతికి ఎంతొస్తుందో అడగండి. ఓ కౌంటర్‌లో నన్ను నిలువునా ముంచారు.

పద్మ_వైజాగ్: మూర్తిగారూ, మీకు ఆ నిమిషం లోకువే. మా టూర్ వాళ్ళు సరిగ్గా గడియారం ముందు దింపి, గంట కొట్టడానికి కాస్త ముందు బస్సెక్కించేశారు. వెనక్కి తిరిగి చూస్తే జనం ఫోన్లు పైకెత్తుతున్నారు.

మ్యూనిక్_మూర్తి: అయితే మీ కోపం టూర్ వాళ్ళ మీద. నా మీద తీర్చుకుంటే ఎలా?

పద్మ_వైజాగ్: మీ మీదే. మీరు మ్యూనిక్‌లో బస్సెక్కితే అదే రోజు ప్రాగ్‌లో ఉంటారు. ఈసారి చూడకపోతే ఇంకోసారి. మాకు వీసా అపాయింట్‌మెంట్ దొరకాలి, 90 యూరోల ఫీజు కట్టాలి, బ్యాంకు స్టేట్‌మెంట్లు, సెలవు కోసం బతిమాలడాలు. మళ్ళీ వెళ్తామో లేదో తెలియనివాళ్ళకి "తీరిగ్గా తిరగండి" అని చెప్పడం మీకు సులువే.

మ్యూనిక్_మూర్తి: ఆవిడకి దొరికిందే ఒక్క రోజు, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేనిది. దానికీ ఇంటినుంచే హాజరు పట్టీ పంపిస్తున్నారు, ఇప్పుడు మీరు అందులో ఇంకో నాలుగు గళ్ళు గీస్తున్నారు. నేను అంటున్నది అంతే.

స్వప్న_హైద్: మీరిద్దరూ కొట్టుకోకండి. అసలు నా టెన్షన్ వేరే. హోటల్లో ఒక్కదాన్నే కూర్చుని తినాలంటే ఏదోలా ఉంటుంది.

మ్యూనిక్_మూర్తి: లెత్నా పార్కుకి వెళ్ళండి. ఏదైనా కొనుక్కుని బెంచీ మీద కూర్చుంటే కింద నది మీద వంతెనలన్నీ వరసగా కనిపిస్తాయి. అక్కడ ఒక్కళ్ళే కూర్చుని తినేవాళ్ళు బోలెడుమంది, మిమ్మల్ని ఎవరూ చూడరు.

పద్మ_వైజాగ్: అది బాగుంటుందమ్మా, వెళ్ళు. యూదుల మ్యూజియం శనివారం మూసేస్తారు, దాన్ని ఆదివారానికి పెట్టుకో. ఇదీ హాజరు పట్టీయే అంటారేమో మూర్తిగారు, అననీ.