తమ్ముడికి బ్రెయిన్ మ్యాపింగ్ చేయిస్తే సైకోసిస్ ముందే తెలుస్తుందా?

ప్రశ్న: మా తమ్ముడికి 19 ఏళ్లు, బీటెక్ చదువుతున్నాడు. నాలుగు నెలలుగా గది దాటి రావట్లేదు. రాత్రంతా మేలుకునే ఉంటున్నాడు. మొన్న "అక్కా, పక్కింటోళ్లు నా గురించే మాట్లాడుకుంటున్నట్టుంది, నా భ్రమేనంటావా?" అన్నాడు. బ్రెయిన్ మ్యాపింగ్ అంటూ ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాలను గీతలుగా తీసే పరీక్ష) తీసి, సైకోసిస్ (లేనివి వినిపించడం, అనుమానాలే నిజమని గట్టిగా నమ్మడం లాంటి స్థితి) వస్తుందో రాదో చెప్పేస్తామని ఒక సెంటర్‌వాళ్లు అంటున్నారు. 12 వేలట. అప్పు చేసైనా చేయించమంటారా?

జవాబు: వద్దమ్మా. మానసిక వైద్య విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నా.

వాళ్ల మాటకు మూలం లేకపోలేదు. ఒకే రకం బీప్ వరసగా వినిపిస్తూ మధ్యలో ఒకటి తేడాగా వదులుతారు. మనం పట్టించుకోకపోయినా మెదడు ఆ తేడాను సెకనులో నాలుగో వంతు లోపే పసిగడుతుంది. అప్పుడు ఈఈజీలో కనిపించే అలను మిస్‌మ్యాచ్ నెగటివిటీ అంటారు. ఫిన్లాండ్‌కు చెందిన రిస్టో నాటానెన్ బృందం 1978లో దీన్ని వివరించింది. స్కిజోఫ్రీనియా (సైకోసిస్ ఎక్కువకాలం సాగే జబ్బు) ఉన్నవాళ్లలో సగటున ఈ అల చిన్నగా ఉంటుంది. తర్వాత సైకోసిస్ వచ్చినవాళ్లలో కొందరికి ముందునుంచే తగ్గి ఉందనీ పరిశోధనల్లో చూశారు. కానీ అదంతా గుంపుల సగటు లెక్క. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ చిన్న అల కనిపిస్తుంది. ఒక్క పిల్లాడి గీతలు చూసి జాతకం చెప్పలేరు.

మీ తమ్ముడు "భ్రమేనా?" అని అడిగాడు చూడండి, నాకు ఏ గీతకన్నా అదే ముఖ్యం. అనుమానం వచ్చినా, అది నిజం కాదేమో అనే ఆలోచన ఇంకా ఉంది. సాయం అందాల్సింది ఈ దశలోనే. ఇలాంటి తొలి లక్షణాలతో వచ్చినవాళ్లలో మూడేళ్లలో సైకోసిస్ దాకా వెళ్లేది సుమారు నలుగురిలో ఒకరు. మిగతావాళ్లకూ కుంగుబాటో ఆందోళనో ఉండొచ్చు, వాటికీ వైద్యం ఉంది.

ప్రశ్న: అయితే ఈఈజీ అసలు అక్కర్లేదా? వాడేమో డాక్టరంటేనే వద్దంటున్నాడు.

జవాబు: ఫిట్స్, జ్వరం, ఉన్నట్టుండి తికమక ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూర్ఛ, మెదడువాపు కాదని తేల్చుకోవడానికి డాక్టరే ఈఈజీ రాస్తారు. అది వేరే సంగతి.

తమ్ముడితో వాదించకండి, అబద్ధం చెప్పి తీసుకెళ్లకండి. "నిద్ర లేక నలిగిపోతున్నావు, దానికోసం సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తా" అనండి. గంజాయి అలవాటుందేమో కోప్పడకుండా అడగండి, అది ముప్పు పెంచుతుంది. అప్పటికీ రానంటే ముందు మీరే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. చావు మాటలు గానీ, ఎవరో కొట్టమంటున్నారని గానీ అంటే మాత్రం ఒంటరిగా వదలకుండా ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.