ల్యాప్‌టాప్‌లో చుక్కలు తిరిగి ఆగిపోతున్నాయి: ఫార్మాట్ తప్ప దారి లేదా?

ప్రశ్న (నల్లకుంట నుంచి)

అందరికీ నమస్కారం. నేను నల్లకుంటలో మా అపార్ట్‌మెంట్ సంఘానికి కోశాధికారిగా ఉన్నాను. 32 ఫ్లాట్ల నెలవారీ నిర్వహణ రుసుములు, మంజీరా నీళ్ల బిల్లులు, లిఫ్టు మరమ్మతు రసీదుల ఫొటోలు అన్నీ అయిదేళ్ల క్రితం కొన్న నా ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. గత గురువారం సాయంత్రం విండోస్ 11 అప్‌డేట్ అవుతుండగా గాలివానకు కరెంటు పోయింది. బ్యాటరీ పాతబడి పది నిమిషాలు కూడా నిలవడం లేదు కనుక, అప్‌డేట్ పూర్తి కాకముందే ల్యాప్‌టాప్ ఆగిపోయింది.

అప్పటినుంచి అది రెండు రకాలుగా ప్రవర్తిస్తోంది. ఎక్కువసార్లు కంపెనీ లోగో కనిపించి, కింద చుక్కలు గుండ్రంగా తిరిగి, ‘ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్’ అని వచ్చి, కాసేపటికి మరమ్మతు కుదరలేదని చెప్పి మళ్లీ మొదటికే వస్తుంది. ఒక్కోసారి మాత్రం పవర్ దీపం వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. మా వీధి చివర దుకాణంలో చూపిస్తే రెండు నిమిషాలైనా చూడకుండా, “మదర్‌బోర్డు పోయింది సార్, లేకపోతే ఫార్మాట్ కొట్టాలి” అన్నారు. ఫార్మాట్ అంటే లోపల ఉన్నదంతా చెరిపేయడమే కదా. ఆ ‘లేకపోతే’ ఏమిటో నాకు అర్థం కాలేదు. పెన్ డ్రైవ్‌లోకి చివరిసారి నకలు తీసుకున్నది ఉగాదికి. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం ఉంది. ఫార్మాట్ చేయకుండా లెక్కలు బయటికి తీసే మార్గం ఉంటే దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు (సికింద్రాబాద్, మరమ్మతు పని చేసే సభ్యుడు)

నమస్కారమండీ. మీరు రాసినదాంట్లో అసలు సంగతి ‘ఒక్కోసారి’ అన్న మాటలో ఉంది. బటన్ నొక్కగానే ల్యాప్‌టాప్ ముందుగా తనను తాను పరీక్షించుకుంటుంది. ప్రాసెసర్, ర్యామ్ (పని జరుగుతున్నప్పుడు వాడుకునే తాత్కాలిక జ్ఞాపకశక్తి), డిస్ప్లే సరిగ్గా ఉన్నాయని తేలాకనే లోగో చూపించి, ఆ తరువాత ఎస్‌ఎస్‌డిలో (ఫైళ్లన్నీ శాశ్వతంగా ఉండే డ్రైవ్) ఉన్న విండోస్‌కు పని అప్పగిస్తుంది. లోగో మదర్‌బోర్డులోని (భాగాలన్నిటినీ కలిపే ప్రధాన సర్క్యూట్ బోర్డు) ప్రోగ్రాము చూపేది, దాని కింద తిరిగే చుక్కలు విండోస్‌వి. చుక్కల దాకా వస్తున్నదంటే మదర్‌బోర్డు చచ్చిపోయిందని చెప్పడం తొందరపాటే. చుక్కల దగ్గర ఆగిపోవడానికి సగంలో తెగిన అప్‌డేట్ కారణమై ఉండవచ్చు. కానీ తెర నల్లగా ఉండిపోయే సందర్భాల్లో విండోస్ వంతు ఇంకా రానే లేదు కాబట్టి, ఆ తప్పును అప్‌డేట్ మీదికి నెట్టలేము. అంటే మీ దగ్గర ఉన్నవి బహుశా రెండు వేర్వేరు లోపాలు. ముందు ఈ రెండోదాన్ని చూడండి.

చార్జరు తీసేసి పవర్ బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుని, మళ్లీ చార్జరు పెట్టి ప్రయత్నించండి. సర్క్యూట్‌లో మిగిలిపోయిన విద్యుత్తు పోతే కొన్ని ల్యాప్‌టాప్‌లు దానితోనే లేస్తాయి. తెర నల్లగా ఉన్నప్పుడు క్యాప్స్ లాక్ మీట నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతోందా, చీకటి గదిలో సెల్‌ఫోన్ టార్చిని తెర మీద ఏటవాలుగా వేస్తే మసకగానైనా బొమ్మ కనిపిస్తోందా, హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపితే టీవీలో ఏమైనా వస్తోందా గమనించండి. టార్చి వెలుగులో బొమ్మ కనిపిస్తే లోపం తెర వెనకాల వెలుగులో ఉన్నట్టు. ఏదీ లేకపోతే నా మొదటి అనుమానం ర్యామ్ మీదే. ముఖ్యంగా వానాకాలంలో నా దగ్గరికి వచ్చే నల్ల తెర కేసుల్లో ర్యామ్ స్లాటులో తేమ, దుమ్ము చేరినవి తరచుగా ఉంటాయి.

వెనక మూత విప్పే ధైర్యం ఉంటే, చార్జరు తీసి, లోపల బ్యాటరీ కనెక్టరును మొదట ఊడదీసి, ఏదైనా లోహపు వస్తువును తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తు పోగొట్టుకున్నాకే ర్యామ్ ముక్కలను ముట్టుకోండి. వాటి పసుపురంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి లేకుండా తుడిచి, ఒక్కొక్క ముక్కను విడిగా పెట్టి కనీసం పదేసి సార్లు ఆన్ చేసి చూడండి. ఒక్కసారి లేచింది కదా అని ఆపేయకండి. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే లోపం అంత సులువుగా పట్టుబడదు. కొన్ని పలచని మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఉంచుతారు, అలాంటప్పుడు ఈ పరీక్ష కుదరదు.

రెండో జవాబు (కూకట్‌పల్లి)

ఇంత శ్రమ అక్కరలేదేమో. ఆటోమేటిక్ రిపేర్ తెర మీద ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ నొక్కి, ‘ట్రబుల్‌షూట్’లో ‘రీసెట్ దిస్ పీసీ’, అందులో ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకుంటే విండోస్ కొత్తగా ఎక్కుతుంది, ఫైళ్లు అలాగే ఉంటాయి. మా అన్నయ్య ల్యాప్‌టాప్‌కు నిరుడు ఇదే చేశాను.

మూడో జవాబు (మాదాపూర్, ఐటీ సహాయక విభాగంలో పనిచేసే సభ్యురాలు)

కూకట్‌పల్లి సభ్యుల సలహా చివరి మెట్టుగా సరైనదే కానీ, ఈ కేసులో మొదటి మెట్టుగా దాన్ని నేను ఒప్పుకోలేను. ర్యామ్ మీద అనుమానం తీరకముందే రీసెట్ చేయడమంటే, అనేక జీబీల ఫైళ్లను చెడిపోయి ఉండగల ర్యామ్ గుండా తిరగరాయించడమే. మధ్యలో తప్పు దొర్లితే ఇప్పుడున్న విండోస్ కూడా మిగలదు. పైగా ‘కీప్ మై ఫైల్స్’ డాక్యుమెంట్లు, ఫొటోల వంటి సొంత ఫైళ్లను ఉంచినా, మనం ఎక్కించుకున్న ప్రోగ్రాములను తీసేస్తుంది. డేటాను ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ ఫోల్డరులోనే దాచుకునే పాతకాలపు లెక్కల సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ డేటాకూ ప్రమాదమే.

అడిగినవారికి నా మనవి ఏమిటంటే, ర్యామ్ సంగతి తేలాక, మరే మరమ్మతూ చేయకముందే ఫైళ్లను బయటికి తీయండి. దానికి ముందు ఒక చిక్కు ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో వాడే విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో, మనకు తెలియకుండానే ఎస్‌ఎస్‌డికి బిట్‌లాకర్ (డేటాను కీ లేనివారు చదవలేకుండా మార్చే విండోస్ సదుపాయం) తాళం పడి ఉంటుంది. రికవరీ తెరల్లోకి వెళ్లినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. దుకాణదారులు నేరుగా ఫార్మాట్ అనడానికి కొన్నిసార్లు ఇదే కారణం: ఆ కీ లేకుండా వాళ్లు కూడా డేటాను చదవలేరు. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి లాగిన్ అయి, పరికరాల జాబితాలో ఈ ల్యాప్‌టాప్ కింద రికవరీ కీ ఉందేమో చూడండి. తెర మీద కనిపించే కీ ఐడీ, ఖాతాలోని ఐడీ ఒకటేనని సరిచూసుకుని ఆ కీని కాగితం మీద రాసుకోండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ ఇచ్చిన అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర దగ్గర ఆగిపోయి, శంషాబాద్ విమానాశ్రయంలో చేతిరాత బోర్డింగ్ పాసులు ఇచ్చిన సంగతి మీకు గుర్తుండవచ్చు. అప్పుడు తీసేయాల్సింది ఒకే ఒక్క ఫైలు. ఎన్నో కార్యాలయాల్లో ఆ ఫైలు దాకా చేరడానికే ఈ 48 అంకెలు కొట్టవలసి వచ్చింది.

కీ దొరికాక ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లో ‘కమాండ్ ప్రాంప్ట్’ (ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ) తెరిచి, నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నోట్‌ప్యాడ్ తెరుచుకున్నాక ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, కింద ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకుంటే మీ ఫోల్డర్లన్నీ ఆ చిన్న కిటికీలో కనిపిస్తాయి. అక్కడ సీ డ్రైవ్ (మామూలుగా విండోస్, మీ ఫైళ్లు ఉండే చోటు) మరో అక్షరంతో ఉండవచ్చు, కంగారు పడకండి. కావలసిన ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి కాపీ చేసి, పెన్ డ్రైవ్‌లో పేస్ట్ చేయండి. ఎంత శాతం అయిందో చూపించే పట్టీ ఏదీ రాదు, కిటికీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. అది పని చేస్తున్నట్టే లెక్క, మధ్యలో ఆపవద్దు.

నకలు చేతికి వచ్చాక ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’లో ‘లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్’ తీసేయండి. అదీ పనిచేయకపోతే ‘స్టార్టప్ సెట్టింగ్స్’ ద్వారా రీస్టార్ట్ చేసి, 4 నొక్కి సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన వాటితో మాత్రమే విండోస్ తెరుచుకునే పద్ధతి) ప్రయత్నించండి. రీసెట్ ఆ తరువాతి మాట.

అడిగినవారి జవాబు (నల్లకుంట, మూడు రోజుల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. ముప్పై సెకన్ల చిట్కాతో మార్పు రాలేదు. టార్చితో గానీ టీవీతో గానీ ఏమీ కనిపించలేదు, క్యాప్స్ లాక్ దీపం కూడా స్పందించలేదు. ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడి సాయంతో మూత విప్పితే 4 జీబీ ర్యామ్ ముక్కలు రెండు ఉన్నాయి. మొదటిదాన్ని ఒక్కదాన్నే పెట్టి పదిసార్లు ఆన్ చేస్తే పదిసార్లూ లోగో వచ్చింది. రెండోదాన్ని రబ్బరుతో రుద్ది పెట్టినా నాలుగోసారికే తెర నల్లబడింది. దాన్నే మొదటిదాని స్లాటులో పెట్టి చూసినా అదే తంతు, కాబట్టి లోపం స్లాటులో లేదని మావాడు తేల్చాడు.

రికవరీ కీ మా అమ్మాయి తెరిచి ఇచ్చిన ఖాతాలో దొరికింది. ఖాతా పాస్‌వర్డ్ తనకు గుర్తుండబట్టి సరిపోయింది. నోట్‌ప్యాడ్ కిటికీ గంటకు పైగా కదలకుండా ఉంటే రెండుసార్లు చేయి పవర్ బటన్ దాకా వెళ్లింది కానీ, మేడం గారు హెచ్చరించి ఉండటం వల్ల ఆగాను. రసీదులతో సహా అన్నీ వచ్చాయి. తరువాత అప్‌డేట్ తీసేస్తే రెండుసార్లు దానంతటదే రీస్టార్ట్ అయి విండోస్ తెరుచుకుంది. 4 జీబీతో నెమ్మదిగా నడుస్తోంది. కొత్త ర్యామ్ ఎక్కడ, ఎలా చూసి కొనాలో చెప్పగలరా?

నాలుగో జవాబు (సికింద్రాబాద్)

పాత ముక్కను వెంట తీసుకుని పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లండి, ప్యారడైజ్ మెట్రో స్టేషన్ అక్కడికి దగ్గరే. ముక్క మీది స్టిక్కరులో డీడీఆర్4 అనీ (అది ర్యామ్ రకం), 2666 లేదా 3200 వంటి వేగం అనీ రాసి ఉంటుంది, ఆ రకమే అడగండి. డీడీఆర్3, డీడీఆర్5 ముక్కలు ఆ స్లాటులో పట్టవు. వేగం ఎక్కువున్నది కొన్నా పాతదాని వేగానికే నడుస్తుంది కనుక దానికోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కరలేదు. బిల్లు, వారంటీ తప్పక తీసుకోండి.

వీలైతే అదే రోజు బ్యాటరీ కూడా మార్పించండి. ర్యామ్ బిగించాక ముందు చెప్పినట్టే పదిసార్లు ఆన్ చేసి చూసి, తీసేసిన అప్‌డేట్‌ను ఆ తరువాతే మళ్లీ ఎక్కించండి, అది కూడా ఇన్వర్టరు ఉన్న గదిలో.