జీరో అవర్స్ ఉద్యోగాలను బ్రిటన్ నిషేధించాలా?

వంశధార:
బ్రిటన్‌లో పది లక్షల మందికి పైగా జీరో అవర్స్ ఒప్పందాల మీద పనిచేస్తున్నారు. వారానికి ఇన్ని గంటల పని ఇస్తామన్న హామీ ఉండదు, పిలిచినప్పుడు వెళ్లాలి. న్యూజిలాండ్ 2016లోనే వీటికి స్వస్తి చెప్పింది. బ్రిటన్ ఇంకా ఎందుకు ఉపేక్షించాలి?

శరత్కాలం:
నేను ఒప్పుకోను. లీడ్స్‌లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఇలాంటి ఉద్యోగమే నన్ను నిలబెట్టింది. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు చదువు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. పరీక్షలప్పుడు షిఫ్టు వద్దంటే ఎవరూ ఏమీ అనలేదు. ఆ వెసులుబాటు తీసేస్తే మన పిల్లలకు పని ఎవరిస్తారు?

వంశధార:
శరత్కాలం గారూ, వద్దనగలిగిన స్థితిలో ఉన్నారు కాబట్టి మీకది వెసులుబాటు. మా పక్కింటావిడ వృద్ధుల ఇళ్లకు వెళ్లి సేవలు చేస్తుంది. వారం షిఫ్టులు ఆదివారం రాత్రి ఫోనుకు వస్తాయి. ఒక వారం చేతినిండా పని, మరుసటి వారం రెండు పూటలే. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి బస్సులో వెళ్లే సమయానికి జీతం లేదు. పాపను చూసుకునే ఆమెకు ముందే డబ్బు కట్టాక, తెల్లవారి షిఫ్టు రద్దయిందని మెసేజ్ వస్తుంది. కాదంటే మళ్లీ పిలవరేమోనని జ్వరంతోనే పనికి వెళ్తుంది.

మనిషిని కుంగదీసేది తక్కువ జీతం ఒక్కటే కాదు. 1990ల్లో బ్రిటన్ ప్రభుత్వం ఒక విభాగాన్ని ప్రైవేటుపరం చేయబోతున్నప్పుడు అక్కడి ఉద్యోగుల ఆరోగ్యాన్ని, ప్రభుత్వోద్యోగుల మీద జరిగిన వైట్‌హాల్ అధ్యయనం గమనించింది. ఉద్యోగాలు పోకముందే, ఏమవుతుందో తెలియని ఆ దశలోనే, మిగతా శాఖల వారికంటే వాళ్ల ఆరోగ్యం దిగజారింది. నెల జీతమున్న ఉద్యోగుల సంగతే అలా ఉంటే, ప్రతి వారం అదే అనిశ్చితిలో బతికేవాళ్ల మాటేమిటి?

తుంగభద్ర:
డెన్మార్క్‌ను కూడా చూడండి. అక్కడ ఉద్యోగిని తీసేయడం సులువే. కానీ నిరుద్యోగ బీమాలో చేరి అర్హత సాధించినవారికి రెండేళ్ల వరకు భృతి అందుతుంది. ఒప్పందాన్ని నిషేధించడం కన్నా, పని పోయిన మనిషికి ఆసరా ఇవ్వడం ముఖ్యం.

శరత్కాలం:
దీంతో ఏకీభవిస్తాను. బ్రిటన్‌లో 2025 ఉద్యోగ హక్కుల చట్టం కూడా నిషేధం జోలికి పోలేదు. కొన్ని వారాల లెక్క చూసి, క్రమం తప్పకుండా చేస్తున్న గంటలకు తగిన హామీని యజమాని ఇవ్వజూపాలి, ఆఖరి నిమిషంలో షిఫ్టు రద్దు చేస్తే పరిహారం ఇవ్వాలి అంటోంది. హామీ వద్దనుకునే విద్యార్థి వద్దనవచ్చు.

వంశధార:
భృతి కావాలి, నిజమే. అయితే పని ఉండగానే పడే దిగులుకు అది మందు కాదు. చట్టం మంచిదే గానీ, హామీకి లెక్కగట్టే ఆ కొన్ని వారాల్లోనే యజమాని గంటలు కోసేస్తే మా పక్కింటావిడ ఎవరికి చెప్పుకోవాలి?