‘మోటర్రాడ్’ అనే మాట ఎక్కడిది?

ప్రశ్న: మిత్రులకు నమస్కారం. బీఎండబ్ల్యూ బైకుల షోరూముల మీద ‘మోటర్రాడ్’ అని రాసి ఉంటుంది. ఇది ఆ కంపెనీ ప్రత్యేకంగా పెట్టుకున్న పేరా, జర్మన్‌లో మామూలు మాటేనా? ఇందులో ‘రాడ్’ అంటే ఏమిటి? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: మామూలు మాటేనండి. మోటారు సైకిలును జర్మన్లు రోజూ పిలిచే పేరు అదే. అయితే మీ అనుమానంలోనూ నిజం ఉంది. ఆ మాట వ్యాప్తిలోకి రావడం వెనుక నిజంగానే ఒక కంపెనీ ఉంది. అది బీఎండబ్ల్యూ కాదు. అదే మ్యూనిక్ నగరంలో, బీఎండబ్ల్యూ పుట్టడానికి దాదాపు రెండు దశాబ్దాల ముందే మూతపడిన హిల్డెబ్రాండ్ అండ్ వోల్ఫ్‌ముల్లర్.

హైన్రిక్, విల్‌హెల్మ్ హిల్డెబ్రాండ్ అన్నదమ్ములు ఆవిరి యంత్రాల ఇంజినీర్లు. మొదట సైకిలుకు ఆవిరి యంత్రం బిగించాలని చూశారు. ఆ తరువాత అలోయిస్ వోల్ఫ్‌ముల్లర్, మెకానిక్ హాన్స్ గైసెన్‌హోఫ్ తోడై పెట్రోలు ఇంజను వైపు మళ్లారు. 1894 జనవరిలో పేటెంటు వచ్చింది. వాళ్లు తమ బండికి పెట్టిన పేరు మోటర్రాడ్. ఆ పేరుతో వరుసగా తయారై, జనానికి అమ్ముడుపోయిన మొదటి ద్విచక్ర వాహనం అదే.

అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1885లో, జర్మనీలోనే కాన్‌స్టాట్ అనే ఊళ్లో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇంజినీర్లు ఇలాంటిదే ఒకటి చేశారు కదా అని ఎవరైనా అడగవచ్చు. చేశారు. కానీ అది ఇంజను పరీక్షకోసం కట్టిన చెక్క బండి. పక్కకు ఒరగకుండా రెండు చిన్న చక్రాలు కూడా ఉండేవి. దాన్ని వాళ్లు ‘రైట్‌వాగెన్’ అన్నారు, అంటే స్వారీ బండి. గుర్రాన్నీ బండినీ కలిపిన పేరు. హిల్డెబ్రాండ్ వాళ్ల పేరులో గుర్రం లేదు, బండీ లేదు. చక్రమే ఉంది.

‘రాడ్’ అంటే చక్రం. 1880లలో జర్మన్ సైకిలు సంఘాలు ‘వెలొసిపెడ్’ అనే పరాయి మాటను వదిలి ‘ఫార్‌రాడ్’ను ఎంచుకున్నాయి, ‘ఫారెన్’ అంటే ప్రయాణించడం. స్విట్జర్లాండ్ జర్మన్‌లో మాత్రం ఇప్పటికీ ‘వెలొ’యే నిలిచింది. ఈ ‘ఫార్‌రాడ్’ పక్కనే ‘మోటర్రాడ్’ సహజంగా ఒదిగిపోయింది.

ఇంకో విశేషం చెప్పకుండా ఉండలేను. ఆ బండిలో గొలుసు లేదు, బెల్టు లేదు, క్లచ్చూ లేదు. రైలు ఇంజనులో లాగా పిస్టన్ల కడ్డీలు నేరుగా వెనుక చక్రానికే తగిలేవి. ఆ చక్రమే ఇంజనుకు ఫ్లైవీలు, అంటే ఇంజను తిరుగుడు తడబడకుండా నిలిపే చక్రం. పిస్టన్ వెనక్కి రావడానికి రబ్బరు పట్టీలు సాయం చేసేవి. ఇంజనును చల్లబరిచే నీళ్లు వెనుక మడ్‌గార్డులో ఉండేవి. 1,489 సీసీ ఇంజను, రెండున్నర హార్స్‌పవర్, గంటకు సుమారు 45 కిలోమీటర్ల వేగం. నడిపేవాడు బండిని తోస్తూ పరుగెత్తి, ఇంజను అందుకోగానే ఎక్కి కూర్చోవాలి. మోటారుకూ చక్రానికీ నడుమ ఏమీ లేని యంత్రానికి ‘మోటర్రాడ్’ కంటే సరైన పేరు ఏముంటుంది? ఫ్రాన్సులో ఇదే బండి ‘పెట్రొలెట్’ పేరుతో వచ్చింది. అది ఇంధనం పేరు పట్టుకుంది, యంత్రం తీరును పట్టుకోలేదు. కంపెనీ 1897 దాటి బతకలేదు. పేరు మాత్రం జర్మన్ భాష సొత్తయింది. చట్టాల్లో ‘క్రాఫ్ట్‌రాడ్’ అని రాసినా, నోటిమాట ‘మోటర్రాడ్’.

ఇక మన సంగతి. ఈ ‘రాడ్’, లాటిన్ ‘రోటా’, సంస్కృత ‘రథ’ ఒకే మూలానికి చెందినవి. లాటిన్, జర్మన్ మాటలు చక్రం అనే అర్థాన్ని నిలుపుకున్నాయి. సంస్కృతంలో అది చక్రాలున్న వాహనమైంది. వేల ఏళ్ల తరువాత జర్మన్ కూడా అదే దారి పట్టి, ‘రాడ్’ అనగానే సైకిలు అని అర్థమయ్యే స్థితికి వచ్చింది. ‘చక్రం’, ‘సైకిలు’ కూడా చుట్టాలే. సైకిలుకు మూలమైన గ్రీకు ‘కుక్లోస్’, సంస్కృత ‘చక్ర’ ఒక్క వేరు నుంచి వచ్చినవే.

మరొక సభ్యురాలు: చాలా బాగా చెప్పారండి. జర్మన్లు దాన్ని ‘రాట్’ అని పలుకుతారని విన్నాను. అలాగైతే మన ‘రాట్నం’ కూడా ఇందులోంచి వచ్చిందేనా? అది కూడా చక్రమే కదా!

జవాబు: మీరు విన్నది నిజమేనమ్మా, పలికేది ‘రాట్’ అనే. కానీ ఆ ‘ట్’ మాట చివర మాత్రమే వినిపిస్తుంది. బహువచనం ‘రేడర్’లో ‘డ’ మళ్లీ వచ్చేస్తుంది. కాబట్టి మూల ధ్వని ‘డ’యే, ‘ట్’ జర్మన్ ఉచ్చారణలో తరువాత వచ్చిన మార్పు. దాన్ని పట్టుకుని రాట్నం దాకా రాలేం. ‘రథ’కూ ‘రాడ్’కూ చుట్టరికం ఒక్క పోలికను చూసి చెప్పింది కాదు. సంస్కృతంలో ‘త్రి’ అయితే జర్మన్‌లో ‘డ్రై’. అక్కడ ‘భ్రాతృ’ అయితే ఇక్కడ ‘బ్రూడర్’. ‘త’ వర్గం ఉన్నచోట జర్మన్‌లో ‘డ’ రావడం ఇలా మాట తరువాత మాటలో కనిపిస్తుంది.