పొరుగింటి గృహహింసపై బాధితురాలి అనుమతి లేకుండా ఫిర్యాదు చేయవచ్చా?

హైదరాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఒకాయన భార్యను తరచూ కొడుతున్నారు. ఆ కేకలు అన్ని ఫ్లాట్లకూ వినిపిస్తాయి, అయినా ఎవరూ తలుపు తీయరు. అసోసియేషన్ పెద్దలను అడిగితే, అది మొగుడూ పెళ్ళాల గొడవ, మనం తలదూర్చకూడదని చెప్పి పంపేశారు. (నీళ్ళ బిల్లు ఆలస్యమైతే మాత్రం వీరే ఇంటింటికీ వచ్చి తలుపు తడతారు.) 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సమంజసమేనని తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ సుమారు 84 శాతం మహిళలే అన్నారని చదివాక, ఈ మౌనం కేవలం భయం వల్ల కాదనిపిస్తోంది.

2005 నాటి గృహహింస చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం, హింస జరుగుతోందని నమ్మే కారణమున్న ఎవరైనా, ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణాధికారికి తెలియజేయవచ్చు; సదుద్దేశంతో సమాచారమిచ్చిన వారిపై సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. నా సందేహం ఆచరణ గురించి. లిఫ్టులో కలిసినప్పుడు పలకరిస్తే ఆవిడ తల దించుకుని వెళ్ళిపోతారు కనుక, ఆవిడ సమ్మతి ఎలా తీసుకోవాలో తెలియడం లేదు. అడగకుండా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, అధికారులు వచ్చి వెళ్ళాక ఆయన కోపమంతా ఆవిడ మీదే పడదా? సమాచారమిచ్చినవారి పేరు గోప్యంగా ఉంచుతారా? కొట్టే సమయంలోనే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయడం మేలా? ఇలా పొరుగువారి కోసం ఫిర్యాదు చేసినవారు, లేదా హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రాల్లో పనిచేసినవారు ఎవరైనా ఉంటే, తర్వాత ఏం జరిగిందో దయచేసి వివరంగా చెప్పగలరు.